ముక్కు చూసి షటిల్ కొనండి

(చేతిపనులు నేర్చుకునేవారి కోసం విశాఖపట్నంలో చేసిన ఒక ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో ఎంవీపీ కాలనీ నుంచి, గాజువాక నుంచి, భీమిలి నుంచి కూడా వచ్చారు. రెండు బస్సులు మారి వచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకని పెద్ద ఉపోద్ఘాతం ఏమీ లేకుండా నేరుగా పనిలోకి వెళ్లిపోతాను.

ఈ రోజు మాట్లాడుకునేది చాలా చిన్న వస్తువు గురించి. ట్యాటింగ్ అంటే దారానికి ముళ్లు వేసుకుంటూ లేసు అల్లే పని. ఆ దారం చుట్టి పెట్టుకునే, పడవలాంటి చిన్న పనిముట్టు, అరచేతిలో దాగిపోయే ట్యాటింగ్ షటిల్. ఇంత చిన్నదాని గురించి గంటసేపు ఏం చెబుతారా అనుకోవచ్చు. కానీ ట్యాటింగ్ మొదలుపెట్టినవాళ్లలో చాలామంది మొదటి వారంలోనే వదిలేస్తారు. "ఇది నా చేతికి రాదండీ, క్రోషా అయితే వస్తుంది గానీ" అంటారు. వాళ్ల షటిల్ తీసుకుని చూస్తే చాలాసార్లు లోపం చేతిలో ఉండదు, షటిల్ ముక్కులో, అంటే దారం బయటికి వచ్చే కొసలో ఉంటుంది. మంచి చెయ్యి ఉన్న అమ్మాయి, పనికిరాని షటిల్ వల్ల తనకి పని రాదనుకుని వెళ్లిపోతే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆ బాధతోనే ఈ మాటలు చెబుతున్నాను.

ముందు ముడి సంగతి చూద్దాం. ముడి ఎలా పడుతుందో అర్థమైతే ఏ షటిల్ కొనాలో సగం మీకే తెలిసిపోతుంది.

(షటిల్ చేతిలోకి తీసుకుని) ఎడమ చేతి వేళ్ల చుట్టూ దారాన్ని ఒక చుట్టు తిప్పి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య నొక్కి పట్టుకుంటాం. ఇది రింగు దారం. ఇదే దారం కుడి చేతిలోకి వచ్చి షటిల్ మీద ఉంటుంది. షటిల్‌ని రింగు దారం కింద నుంచి పంపి, పైనుంచి వెనక్కి తెస్తే సగం ముడి. పైనుంచి పంపి, కింద నుంచి వెనక్కి తెస్తే రెండో సగం. రెండూ కలిస్తే ఒక ముడి. దీన్నే డబుల్ స్టిచ్ అంటాం. ట్యాటింగ్‌లో ఉన్నదంతా ఈ ఒక్క ముడే. గుండ్రంగా ముడిచే రింగులైనా, రింగుకీ రింగుకీ మధ్య తీగలా సాగే చెయిన్లైనా, అంచున కనిపించే చిన్న చిన్న ఉచ్చులు, ఆ పికాట్లైనా, అన్నీ దీంతోనే పుడతాయి.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. షటిల్ అటు వెళ్లి ఇటు రాగానే, మెలి షటిల్ దారంలో పడింది. రింగు దారం తిన్నగా ఉంది, షటిల్ దారం దాని చుట్టూ తిరిగింది. ఇలాగే బిగించేస్తే పని చెడిపోతుంది. ఆ ముడి అక్కడే గట్టిగా కూర్చుంటుంది, చివర్లో రింగు ముయ్యడానికి లాగితే రాదు. కాబట్టి ఇక్కడ ఎడమ చేతి వేళ్లు కొంచెం వదులు చెయ్యాలి. అదే సమయంలో కుడి చేత్తో షటిల్ దారాన్ని తిన్నగా, గట్టిగా లాగి పట్టాలి. ఇదిగో, చూశారా? మెలి ఒక దారం మీంచి ఇంకో దారం మీదకి దూకేసింది. ఇప్పుడు ముడి వేసింది రింగు దారం. షటిల్ దారం లోపల తిన్నగా ఉండి ఆ ముడిని మోస్తోంది. మల్లెపూలు మాల కడుతున్నప్పుడు కాడలు తిన్నగా ఉంటాయి, దారం వాటి చుట్టూ ఉచ్చు పడుతుంది కదా. ఇక్కడ ఆ కాడల స్థానంలో షటిల్ దారం ఉందనుకోండి. మాలలో ఉచ్చు కదలకూడదు, ఇక్కడ మాత్రం కదలాలి. అంతే తేడా. పూలు కట్టే అలవాటున్న చేతులకి ఈ ముడి తొందరగా పట్టుబడుతుందని నా నమ్మకం.

ఈ దూకుడు జరగాలంటే షటిల్ దారం బిగువుగా ఉండి తీరాలి. లాగి పట్టిన క్షణంలో షటిల్ నుంచి ఇంకాస్త దారం జారి బయటికి వచ్చేసిందనుకోండి, బిగువు పోతుంది, మెలి దూకదు. అదే, దారం అసలే రాకుండా బిగదీసుకుపోయిందనుకోండి, ప్రతి నాలుగు ముళ్లకీ ఆగి, రెండు చేతులతో దారం పీకాలి. చెయ్యి లయ తప్పుతుంది. కావలసినప్పుడు దారం ఇవ్వాలి, అక్కర్లేనప్పుడు పట్టుకోవాలి. షటిల్ చెయ్యాల్సిన ఉద్యోగం ఇదే. ఆ పని చేసేది దాని రెండు ముక్కులు. రంగు, నగిషీ, మీద వేసిన పువ్వు, ఇవన్నీ తరవాత.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. తెరేజ్ ద దిల్మాన్ అనే ఆవిడ 1886లో సూదిపనుల మీద ఒక పెద్ద విజ్ఞాన సర్వస్వం రాశారు. అందులో ట్యాటింగ్ షటిల్ ఎలా ఉండాలో చెబుతూ, పొడవు 7 సెంటీమీటర్లు మించకూడదనీ, రెండు కొసలూ దారం బయటికి తన్నుకురానంత దగ్గరగా ఉండాలనీ రాశారు. రెండు షటిళ్లతో పని చేసేటప్పుడు ఇది మరీ ముఖ్యమన్నారు. అప్పుడు ఎముక, దంతం, ముత్యపు చిప్ప, తాబేటి చిప్పలతో షటిళ్లు చేసేవారు. ఇప్పుడు ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. కొలత మాత్రం ఇప్పటికీ దాదాపు అదే.

అంతకు ముందు కాలంలో షటిల్ ఇలా ఉండేది కాదు. 18వ శతాబ్దంలో ఐరోపా సంపన్న కుటుంబాల ఆడవాళ్లకి నాటింగ్ అని ఒక కాలక్షేపం ఉండేది. దారానికి వరసగా ముళ్లు వేసుకుంటూ పోయి, ఆ ముళ్ల తాడుని గుడ్డ మీద కుట్టేవారు. లండన్ నేషనల్ గ్యాలరీలో జాషువా రేనాల్డ్స్ 1760 ప్రాంతంలో వేసిన అల్బెమార్ల్ కౌంటెస్ చిత్రం ఉంది. ఆవిడ చేతిలో ఉన్నది నాటింగ్ షటిలే. ఆ షటిళ్లు పెద్దవి, కొసలు తెరుచుకుని ఉండేవి. ముతక దారానికి, తాడులా పోయే ముళ్లకి అది సరిపోయింది. తరవాత సన్న దారంతో రింగులు, పికాట్లు వచ్చాయి. 19వ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి రింగుని రింగుతో అల్లుతూనే కలిపే పద్ధతి వచ్చింది. పని సన్నబడిన కొద్దీ షటిల్ చిన్నదై, ముక్కులు మూసుకున్నాయి.

మన ఊరి మాట ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఆ రోజుల్లో దొరసానుల కుట్టుపని సామాను పెట్టుకునే పెట్టెలు ఇదే విశాఖపట్నంలో తయారయ్యేవి. దంతపు పలకల మీద పువ్వులు, తీగలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. కొమ్ముతో, తాబేటి చిప్పతో, చందనం చెక్కతో చేసినవీ ఉన్నాయి. విజగపటం పనితనమని వాటికి ప్రపంచమంతా పేరుంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ పనితనం ఉన్న వస్తువులున్నాయి. అంత సన్నని పని చేసిన చేతులున్న ఊరు మనది. ఇప్పుడు దంతం, తాబేటి చిప్ప వ్యాపారం నిషేధం. నిషేధించడం న్యాయం కూడా. పాతకాలపు దంతపు షటిల్ అమ్ముతామని ఎవరైనా చెబితే ఆశపడకండి. మంచి ప్లాస్టిక్ షటిల్ దానికంటే పనిలో ఏమాత్రం తీసిపోదు.

సరే, ఇప్పుడు దొరికే రకాలు. ముఖ్యంగా రెండు. మొదటిది ఇదిగో, రెండు పలకలు, మధ్యలో వాటిని కలిపే చిన్న దిమ్మ. దారం ఆ దిమ్మ చుట్టూ చుడతాం. దారం రెండు ముక్కుల మధ్య నుంచి లోపలికి, బయటికి వెళ్తుంది. వెళ్లేటప్పుడు టిక్కుమని శబ్దం వస్తుంది. జపాన్ వాళ్ల క్లోవర్ షటిల్ ఈ రకమే, దాని ఒక కొసన చిన్న మొన ఉంటుంది. రెండోది బాబిన్ రకం. మధ్యలో తీసి పెట్టుకునే చిన్న చక్రం ఉంటుంది, దారం దాని మీద ఉంటుంది. ఇంగ్లండు ఎయిరో షటిళ్లు ఇలాంటివి. కొసన కొక్కెం ఉంటుంది.

ఏది మంచిదని అడిగితే, నేర్చుకునేటప్పుడు మొదటి రకమే మంచిదని నేను గట్టిగా చెబుతాను. బాబిన్ రకంలో దారం చుట్టడం తేలిక, రంగు మార్చాలంటే చక్రం మారిస్తే చాలు. కానీ చక్రం కాస్త వదులైతే, మీరు లాగి పట్టిన క్షణంలో అది గిర్రున తిరుగుతుంది. ఇందాక మనం చూసిన దూకుడు అక్కడే ఆగిపోతుంది. చెయ్యి కుదిరినవాళ్లకి అది పెద్ద సమస్య కాదు, వాళ్లు వేలితో చక్రాన్ని ఆపుకుంటారు. కొత్తవాళ్లకి ఆ ఉపాయం తోచదు, తప్పు తమదే అనుకుంటారు.

ఇంకొన్ని రకాలున్నాయి. అట్ట ముక్కనో, పాత ఏటీఎం కార్డునో కత్తిరించి రెండు వైపులా గంటు పెట్టి చేసే బల్లపరుపు షటిల్ ఒకటి. దారం చుట్టి పెట్టుకోవడానికి అది పనికొస్తుంది. అల్లడానికి మాత్రం ప్రతిసారీ చేత్తో దారం విప్పుకోవాలి. స్టీలువి, అల్యూమినియంవి, చెక్కవి కూడా ఉన్నాయి. వాటి గురించి మళ్లీ వస్తాను, మన సముద్రపు గాలికి సంబంధించిన మాట ఒకటి ఉంది.

కొట్టుకి వెళ్లినప్పుడు ఏం చూడాలి? వట్టి షటిల్ అని అడిగితే కుట్టుమిషన్ షటిల్ తీసిస్తారు, ట్యాటింగ్ షటిల్ అని విడమర్చి అడగండి. వెళ్లేటప్పుడు మీరు వాడే దారం ఒక మూర పర్సులో పెట్టుకుని వెళ్లండి. దీనికి సిగ్గుపడక్కర్లేదు. చీర కొనేటప్పుడు వెలుగులోకి పట్టుకెళ్లి చూసుకోమా?

మొదట షటిల్‌ని కిటికీ వైపు ఎత్తి, పక్క నుంచి చూడండి. రెండు పలకలూ కొసల దగ్గర కలిసి ఉండాలి. సన్నగా వెలుతురు కనిపిస్తే ఆ ముక్కు వదులు. రెండు కొసలూ చూడండి, ఒకటి బాగుండి ఇంకోటి తెరుచుకుని ఉండటం మామూలే. తరవాత మీ దారాన్ని ముక్కుల మధ్య నుంచి లోపలికి లాగండి. టిక్కుమంటూ వెళ్లాలి. ఆ శబ్దం మీకు నేస్తం. అల్లేటప్పుడు చూడకుండానే ఎన్ని చుట్లు విప్పారో దాంతోనే తెలుస్తుంది. దిమ్మకి నాలుగు చుట్లు చుట్టి, దారం కొస పట్టుకుని షటిల్‌ని గాల్లో వేలాడదీయండి. నిలబడాలి. తనంతట తను జారి కిందికి దిగిపోతే అక్కడే తిరిగి ఇచ్చేయండి. మెల్లిగా లాగితే దిగాలి, ఊరికే వేలాడదీస్తే దిగకూడదు. ఈ ఒక్క పరీక్ష చాలు, డబ్బాలో ఉన్నవాటిలోంచి మీ షటిల్ మీరే ఏరుకోగలరు.

ఇంకో పరీక్ష మన ఆడవాళ్ల చేతిలోనే ఉంది. షిఫాన్ చున్నీ గానీ, పట్టుచీర కొంగు గానీ ఉంటే, షటిల్ అంచుల వెంట మెల్లిగా జరపండి. ఎక్కడైనా పోగు పట్టుకుందంటే అక్కడ గరుకు ఉందన్నమాట. ప్లాస్టిక్ అచ్చు పోసిన చోట అతుకు గీత మిగిలిపోతుంది. దాని మీంచి దారం వందలసార్లు వెళ్తుంది, పీచు లేస్తుంది, తెల్లటి లేసు నూగునూగుగా కనిపిస్తుంది. షటిల్ మిగతా విధాల బాగుంటే కొనేయొచ్చు. ఇంటికొచ్చి సన్న గరుకు కాగితంతో, అంటే జీరో పేపరుతో, ఆ గీత మీద నెమ్మదిగా రుద్దితే నున్నగా అయిపోతుంది.

ఇక చేతికి సరిపోవడం. షటిల్‌ని బొటనవేలికి చూపుడువేలికి మధ్య బల్లపరుపుగా పట్టుకోండి. ముడి వేసేటప్పుడు షటిల్‌ని వదలం. రింగు దారమే షటిల్‌కి చూపుడువేలికి మధ్య నుంచి జారి వెళ్తుంది, తిరిగి వచ్చేటప్పుడు షటిల్‌కి బొటనవేలికి మధ్య నుంచి వస్తుంది. చాలామంది ఇక్కడ షటిల్ వదిలేసి అవతల చేత్తో అందుకుంటారు. అలా చేస్తే ఎన్నేళ్లయినా వేగం రాదు. పలక మధ్యభాగం కాస్త ఉబ్బుగా ఉంటే వేలు దాని మీద ఆనుతూ, దారానికి దారి ఇస్తుంది. మరీ ఉబ్బుగా ఉంటే ఇంకో ఇబ్బంది. రింగుని రింగుతో కలిపేటప్పుడు పికాట్‌లోంచి ఒక చిన్న ఉచ్చు పైకి లాగి, దానిలోంచి షటిల్‌ని దూర్చాలి. లావు షటిల్ అయితే ఉచ్చు పెద్దగా లాగాలి, దారం అలిసిపోతుంది. చిన్న చేతులవాళ్లకి, సన్న దారానికి సన్న షటిల్. వేళ్ల కీళ్లు నొప్పి పుట్టేవాళ్లకి కాస్త వెడల్పుది మేలు, నొక్కి పట్టాల్సిన పని తగ్గుతుంది.

మొనా, కొక్కెమా అన్నది అలవాటును బట్టి. మొన ఉన్నది నాకిష్టం. ట్యాటింగ్‌లో ఒక కష్టం ఉంది, క్రోషాలా దారం లాగితే విడిపోదు. ముడి తప్పైతే ఒక్కొక్కటే గుచ్చి విప్పాలి, అక్కడ మొన ప్రాణం పోస్తుంది. కొక్కెం పికాట్‌లోంచి దారం లాగడానికి బాగుంటుంది, కానీ మధ్య మధ్యలో దారాన్నీ, చీరనీ పట్టుకుంటుంది. మొన ఉన్న షటిల్, పక్కన ఒక సన్నపాటి స్టీలు క్రోషా సూది పెట్టుకుంటే అన్నీ జరిగిపోతాయి.

మన నరసాపురం, పాలకొల్లు వైపు క్రోషా లేసు గురించి మీకు చెప్పక్కర్లేదు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చి, వేల ఇళ్లలో పొయ్యి వెలిగించిన పని అది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి అక్కచెల్లెళ్ల వేళ్లలో ఉన్న ఒడుపు చూస్తే, వాళ్లకి ఒక మంచి షటిల్ ఇచ్చి కూర్చోబెడితే ఎంత బాగా అల్లుతారో అనిపిస్తుంది. క్రోషా అంచు మెత్తగా వాలుతుంది, ట్యాటింగ్ అంచు గట్టిగా నిలబడుతుంది. చేతిరుమాలు, జాకెట్టు చేతులు, చిన్నపిల్లల గౌను కాలరు, వీటికి ట్యాటింగ్ అంచు ఉతుకులకి ఆగుతుంది. ముడి ముడిగా అల్లింది కదా, ఒక చోట తెగినా మిగతాది ఊడిపోదు.

ఇప్పుడు దారం చుట్టడం. దిమ్మలో చిన్న బెజ్జం ఉంటే దానిలోంచి దారం కొస దూర్చి ముడేసి మొదలుపెట్టండి. బెజ్జం లేకపోతే దిమ్మ చుట్టూ రెండు చుట్లు చుట్టి కొస మీద నుంచే చుట్టుకుపోండి. మరీ బిగించి లాగకండి, మరీ వదులుగా వేయకండి. పలకల అంచు దాటి దారం బయటికి కనిపించకూడదు. "మళ్లీ మళ్లీ ఎక్కించడం ఎందుకు" అని ఎక్కువ చుట్టేస్తారు. బయటికి పొంగిన దారం అరచేతి చెమటకి మురికి పడుతుంది. అంతకంటే పెద్ద నష్టం, లోపల నిండిన దారం పలకల్ని ఎడంగా నెడుతుంది. అలా కొన్నాళ్లు ఉంటే ముక్కులు తెరుచుకుపోతాయి. మంచి షటిళ్లు చాలావరకు ఇలాగే పాడవుతాయి.

తెరుచుకున్న ప్లాస్టిక్ ముక్కుని బాగు చేసుకోవచ్చు. దారం అంతా తీసేసి, వేడి నీళ్లలో ఆ కొసని కాసేపు ముంచి, మెత్తబడ్డాక వేళ్లతో దగ్గరికి నొక్కి, బట్టల క్లిప్పు పెట్టి చల్లారనివ్వండి. మరిగే నీళ్లు వద్దు, వంకరపోతుంది. చెక్కదానికి, ఎముకదానికి ఇది చేయకండి, పగులుతాయి.

రింగులు మాత్రమే అల్లేటప్పుడు షటిల్ ఒక్కటి చాలు. చెయిన్ కూడా కావాలంటే, షటిల్‌కి దారం ఎక్కించాక ఉండ నుంచి తెంపకండి. ఒక వైపు షటిల్, ఇంకో వైపు ఉండ. మొదట్లో ముడి వేసి దాచాల్సిన పని ఉండదు.

ఇక్కడ ఒక కిటుకు చెబుతాను, ఈ రోజు మీరు ఇంటికి వెళ్లి చేసి చూడండి. షటిల్‌కి ఎర్ర దారం ఎక్కించండి. ఉండ తెల్లది తీసుకోండి. రెండూ కలిపి ముడేసి, తెల్లది ఎడమ చేతి మీద వేసుకుని చెయిన్ అల్లండి. ముడి సరిగ్గా దూకితే కనిపించేది తెల్ల ముడి, ఎరుపు లోపల దాక్కుంటుంది. ఎర్ర ముడి కనిపించిందంటే అది దూకలేదు. అక్కడే ఆగి, మొనతో విప్పి మళ్లీ వెయ్యండి. ఎవరూ పక్కన కూర్చుని చెప్పక్కర్లేదు, దారమే చెబుతుంది. పది ముళ్లకోసారి షటిల్ దారం లాగి చూడండి, ముళ్లన్నీ దాని మీద జరగాలి. దీన్నిబట్టే ఇంకో విషయం తేలుతుంది. రెండు రంగులతో డిజైన్ చేసేటప్పుడు, చెయిన్‌లో కనిపించే రంగు షటిల్‌ది కాదు, ఎడమ చేతి మీదున్నది. రింగులో మాత్రం కనిపించేది షటిల్ రంగే, ఎందుకంటే చేతి చుట్టూ తిప్పినదీ షటిల్ దారమే. ఏ షటిల్‌కి ఏ రంగు ఎక్కించాలో తేలక తల పట్టుకునేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

దారం గురించి క్లుప్తంగా. నంబరు పెరిగిన కొద్దీ దారం సన్నబడుతుంది. 10 గానీ 20 గానీ తీసుకుని మొదలుపెట్టండి. 40, 80 తరవాత చూసుకోవచ్చు. గట్టిగా పేనిన క్రోషా నూలు దారం కావాలి. మెత్తగా పేనిన అల్లిక నూలు వద్దు, పోగులు విడిపోతాయి. మిషన్ దారం కూడా మొదట్లో వద్దు. నల్ల దారంతో మొదలుపెట్టకండి, ముళ్లు లెక్కపెట్టలేరు.

అల్లుతూ ఉంటే దారంలో మెలి చేరి, కొంచెం వదిలితే చాలు ముడుచుకుపోతుంది. కంగారుపడకండి. షటిల్‌ని వదిలి కిందికి వేలాడనివ్వండి. తనంతట తనే గిరగిరా తిరిగి మెలి వదిలించుకుంటుంది. ముక్కులు మంచివైతేనే ఇలా వదలగలరు సుమా. లేకపోతే షటిల్ నేల మీద, దారం మంచం కింద.

సముద్రపు గాలి మాట చెబుతానన్నాను. మన విశాఖలో స్టీలు షటిల్, స్టీలు కొక్కెం తుప్పు పడతాయి. బీచ్ రోడ్డుకి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఇంకా తొందరగా. తుప్పు ఒక చిన్న చుక్క తగిలినా తెల్ల దారం మీద గోధుమరంగు మరక, అది ఉతికితే పోదు. పైగా ఉక్కపోతలో లోహం చెమటకి జారుతుంది. లోహం షటిల్ ఉన్నవాళ్లు పని అవగానే పొడిగుడ్డతో తుడిచి, దారం తీసేసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. చెక్క షటిల్ అందంగా ఉంటుంది, చేతికి వెచ్చగా ఉంటుంది, కానీ వానాకాలంలో చెక్క ఉబ్బి ముక్కులు బిగుసుకోవచ్చు. నున్నగా మెరుగు పెట్టిన చెక్క అయితే తేమ తక్కువ పీలుస్తుంది. ప్లాస్టిక్‌కి తేమతో పేచీ లేదు, ఎండే శత్రువు. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద పెట్టి వెళ్లారంటే వంకర తిరుగుతుంది.

మన పక్కనే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని లేత్ మీద తిప్పి లక్క పూసి బొమ్మలు చేస్తారు, 2017లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. "ఏటికొప్పాకలో షటిల్ చేయించుకోవచ్చు కదా" అని చాలామంది అడుగుతారు. లేత్ మీద గుండ్రటివి బాగా వస్తాయి. పడవలా వంగి కొసన కలిసే పలుచని పలకలు వేరే పని, చేత్తో చెక్కాలి. అంకుడు కర్ర మెత్తనిది, పలుచని ముక్కు ఎక్కువ రోజులు ఆగుతుందని నేననుకోను. దారం ఉండ పెట్టుకునే లక్క డబ్బా మాత్రం అక్కడి నుంచి తెచ్చుకోండి, దానంత నున్నటిది దొరకదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(వెనక వరస నుంచి: ఎడమచేతివాటం ఉన్న అమ్మాయి ఎలా నేర్చుకోవాలి?)

ఏం ఇబ్బంది లేదు తల్లీ. షటిల్ ఎడమ చేతిలో పట్టుకుని, రింగు దారం కుడి చేతి మీద వేసుకో. ముడి ఒకటే. నేర్పేవాళ్లకి ఎదురుగా కూర్చుని చూడు, అద్దంలో చూసినట్టు ఉంటుంది. షటిల్‌కి కుడి ఎడమలు లేవు, మొన ఎటు తిరిగి ఉండాలన్నది మాత్రం నీ చేతికి తగ్గట్టు మార్చుకో.

(మరొకరు: సూదితో ట్యాటింగ్ తేలికంటున్నారు కదా మేడమ్?)

తేలికే. పొడవాటి సూది మీద ముళ్లు వేసుకుని, చివర్లో సూదిని లాగేసి దారాన్ని లోపలికి తెస్తారు. మెలి దూకాల్సిన పని లేదు. చూపు సరిగ్గా లేనివాళ్లకి, వేళ్లు వణికేవాళ్లకి అది వరం, ఎవరూ తక్కువ చేసి మాట్లాడకండి. కానీ ముళ్లు సూది లావుకి తగ్గట్టు పడతాయి కాబట్టి లేసు కాస్త మెత్తగా, వదులుగా వస్తుంది. సన్న దారంతో గట్టి అంచు కావాలంటే షటిలే.

(ముందు వరసలోని ఒక పెద్దావిడ: రింగు మూసేశాక తప్పు కనిపిస్తే ఏం చెయ్యాలమ్మా? కత్తిరించెయ్యడమేనా?)

కత్తిరించకండి పిన్నిగారూ, తెరవొచ్చు. రింగులో చివరి పికాట్ దగ్గర, అటూ ఇటూ ఉన్న ముళ్లని గోళ్లతో పట్టుకుని మెల్లిగా ఎడం చెయ్యండి. పికాట్ సాగుతుంది, దాని అడుగున లోపలి దారం కనిపిస్తుంది. షటిల్ మొనతో ఆ లోపలి దారాన్ని కొంచెం పైకి లాగండి. ఒక చిన్న ఉచ్చు వస్తుంది. ఇప్పుడు చివరి ముళ్ల వైపు ఆ వదులుని జరుపుకుంటూ వెళ్తే రింగు తెరుచుకుంటుంది. ఒక్కసారిగా లాగితే తెగుతుంది, కొంచెం కొంచెంగా జరపాలి. పికాట్ లేని రింగు అయితే కష్టం. అందుకే మొదట్లో పికాట్లున్న రింగులే అల్లమంటాను. అయిదు ముళ్లు, పికాట్, అయిదు, పికాట్, అయిదు, పికాట్, మళ్లీ అయిదు, మూసెయ్యడం.

అదే ఇప్పుడు చేద్దాం. బల్ల మీద షటిళ్లున్నాయి, కొన్ని మంచివి, కొన్ని ముక్కు వదులైనవి, కావాలనే కలిపి పెట్టాను. ఒక్కొక్కటీ వేలాడదీసి చూసి, మీకు నచ్చింది మీరే ఏరుకోండి. 20 నంబరు దారం పక్కనే ఉంది. చేతులు కడుక్కుని రండి, కుళాయి వరండాలో ఉంది.